సున్నకూ సున్నానికీ మధ్య నాలుగు రోజులు

మొదటి రోజు: హైదరాబాదు నుంచి దోమకొండ

మా అమ్మ పుట్టిన ఇల్లు ములుగు జిల్లాలో, పాలంపేటకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఎర్ర ఇసుకరాతి గోడలు, టేకు దూలాలు, కూన పెంకుల కప్పు, వీధివైపు రెండు అరుగులు, లోపల మూడు అర్రలు, ఒక వంటిల్లు. భవంతి అని పిలవదగినంత పెద్దది కాదు. కూలడానికి సిద్ధంగా ఉన్న ఆ ఇంటిని పెద్దమామ పట్టుబట్టి రెండేళ్ళపాటు బాగు చేయించాడు. ఇప్పుడు ఆయనకూ చిన్నమామకూ మధ్య పంపకాలు జరుగుతున్నాయి. ఆస్తికి విలువ కట్టడానికి వచ్చిన ఆయన స్థలానికి ఒక అంకె వేసి, కట్టడం అన్న గడిలో సున్న చుట్టి వెళ్ళాడు. ఆ కాగితం నకలు నాకు పంపించి, "ఒకపారి వచ్చి చూసి చెప్పు బిడ్డా, ఇది సున్ననేనా?" అని పెద్దమామ అడిగాడు.

ఇంజనీరుగా ముప్పై ఏళ్ళు కట్టడాల పని చూసిన నేను అలాంటి సున్నలు చాలానే చుట్టాను. పద్ధతి తేలికైనది. ఫలానా రకం కట్టడానికి ఇన్నేళ్ళ ఆయుష్షని ముందే అనుకుని, ఏటేటా తరుగు తీసేస్తూ పోతాము. ఆయుష్షు దాటిన ఇంటికి మిగిలేది దాని తలుపులూ దూలాలూ అమ్మితే వచ్చే డబ్బు మాత్రమే. లెక్కగా అందులో తప్పు లేదు. అయినా మామ అడిగిన ప్రశ్నకు ఆ లెక్కతో జవాబు చెప్పడానికి మనసొప్పక, ఊరికి నేరుగా వెళ్ళకుండా, రాతి కట్టడాలను బాగు చేసిన చోట్లు దారిలో కొన్ని చూసుకుంటూ నాలుగో రోజుకు అక్కడికి చేరాలని నిర్ణయించుకున్నాను.

అందుకే ముందుగా 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరానికి బయలుదేరి, భిక్కనూరు దగ్గర పక్కదారి పట్టి, కామారెడ్డి జిల్లా దోమకొండ చేరాను. దోమకొండ సంస్థానాధీశుల కోట అది. రాతి ప్రాకారం లోపల అద్దాల మేడతో పాటు మరికొన్ని భవనాలు, కాకతీయుల శైలిలో కట్టిన మహాదేవుని గుడి ఉన్నాయి. దశాబ్దాలపాటు పాడుబడి ఉన్న ఈ కోటను ఆ వంశపు వారసులే పూనుకుని మెల్లమెల్లగా నిలబెట్టుకున్నారు. యునెస్కో ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఇచ్చే వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో 2022లో దీనికి అవార్డ్ ఆఫ్ మెరిట్ దక్కింది. అదే ఏడాది గోలకొండ కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలోని మెట్ల బావులకు అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్ వచ్చింది కాబట్టి పత్రికల్లో ఆ వార్త ముందుండి, దోమకొండ కాస్త వెనుకబడింది.

నేను చూడదలచుకున్నది నగిషీలను కాదు, పూతను. డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) పూత పూసిన గోడకు అరచేయి ఆనిస్తే ఎండపూట కూడా చల్లగా, కాస్త మెత్తగా తగులుతుంది. సిమెంటు పూతకు ఆ స్పర్శ రాదు. ఒక మూల గోడ అడుగున చెమ్మ మరక కనిపించినా, పూత పొక్కలేదు, రాలలేదు. గోడ తాగిన నీటిని తిరిగి గాలికి వదిలేస్తున్నదన్న మాట. దీని సంగతి నాలుగో రోజు మళ్ళీ చెప్పవలసి వస్తుంది. సాయంత్రానికి రామాయంపేట, సిద్దిపేట, హుస్నాబాదు మీదుగా హనుమకొండ చేరి పడుకున్నాను.

రెండవ రోజు: హనుమకొండ, ఓరుగల్లు కోట

పొద్దున్నే వేయిస్తంభాల గుడికి వెళ్ళాను. శక సంవత్సరం 1084లో, అంటే క్రీస్తు శకం 1163లో, కాకతి రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ మూడు గర్భాలయాలు. దాని ఎదుట నంది, నందికి అవతల కల్యాణ మండపం. ఈ మండపం కుంగి, స్తంభాలు ఒరిగిపోవడంతో 2006 ప్రాంతంలో భారత పురావస్తు శాఖ దాన్ని రాయి రాయిగా విప్పింది. ప్రతి రాయికీ సంఖ్య వేశారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆ రాళ్ళు గుడి ఆవరణలోనూ చుట్టుపక్కలా వరుసలుగా పడుకుని ఉండడం ఓరుగల్లు వాళ్ళందరికీ తెలుసు. మా చుట్టాల పిల్లలు కొందరు ఆ రాళ్ళ వరుసలే తప్ప మండపాన్ని చూడకుండానే పెద్దవాళ్ళయి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. చివరికి 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, మండపం తిరిగి తెరుచుకుంది.

పద్దెనిమిదేళ్ళ ఆలస్యం మీద కోపం నాకూ ఉంది. అయినా ఆ పొద్దు మండపం మధ్య నిలబడి పైకి చూస్తున్నప్పుడు ఆలోచన వేరే వైపు వెళ్ళింది. ఒక కట్టడాన్ని విప్పి మళ్ళీ కట్టవచ్చునంటేనే, అది విప్పడానికి వీలైన పద్ధతిలో కట్టి ఉందని అర్థం. స్తంభం ఒక్క రాయిలా కనిపిస్తుంది గానీ పీఠం, కాండం, దాని మీది దిమ్మె, బోదె, దూలం అన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చున్నవే. పైదాని బరువే కిందిదాన్ని పట్టి ఉంచుతుంది. నేను ఉద్యోగంలో కట్టించిన ఏ కాంక్రీటు భవనాన్నయినా ఇలా విప్పాలంటే పిండి చేయాలి తప్ప వేరే దారి లేదు. పెద్దమామ ఇంటి గోడలోని రాళ్ళు తీసి తిరిగి పేర్చదగినవి. ఆ మాట నా కాగితాల్లో ఏ గడిలోనూ రాయడానికి చోటుండేది కాదు.

మండపంలో విరిగిపోయిన రాళ్ళ స్థానంలో కొత్తవి చెక్కి పెట్టారు. కొంచెం ఓపికగా చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో తెలిసిపోతుంది: పాత నల్లరాయి ఎనిమిది వందల ఏళ్ళ చేతుల రాపిడికి నూనె పూసినట్టు మెరుస్తుంది, కొత్తది పొడిగా, బూడిద రంగులో ఉంటుంది. పక్కన నిలబడ్డ ఒక భక్తుడు ఇది అతుకులాగా ఉందని విసుక్కున్నాడు. నాకు మాత్రం అది నిజాయితీగా తోచింది. 1964లో వెనిస్‌లో ప్రపంచ దేశాల నిపుణులు కుదుర్చుకున్న పత్రంలో ఈ సంగతే ఉంది: ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి, కొత్తగా చేర్చినది పాతదానితో కలిసిపోతూనే పోల్చుకోవడానికి వీలుగా ఉండాలి.

ఎండ ముదిరేలోపు కోటకు చేరాను. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన రాతి కోట వలయం సుమారు 1.2 కిలోమీటర్ల అడ్డుకొలత, దాని చుట్టూ మట్టికోట దానికి రెట్టింపు. మధ్యలో స్వయంభూ శివాలయం ఉండిన స్థలం. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో ఓరుగల్లు పడిపోయాక గుడి నేలకూలింది గానీ తోరణాలు నిలిచాయి. రాష్ట్రం ఏర్పడ్డాక చిహ్నంలోకి ఎక్కిన తోరణం ఇదే కాబట్టి ప్రతి సర్కారు కాగితం మీదా దాని బొమ్మ చూస్తూనే ఉంటాము. పక్కనే ఉన్న ఖుష్ మహల్ దళసరి గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతాయి. లోపల కమానులు బరువును గోడల్లోకి దించుతాయి. ఆ వాలు అందానికి పెట్టింది కాదు, గోడ బయటికి తోసుకుపోకుండా పెట్టింది.

తోరణాల దగ్గర అందరూ ఫొటోలు దిగుతుంటే, నేను కోట లోపలి ఊరి సందుల్లో ఒక గంట తిరిగాను. అక్కడ ఇప్పటికీ మనుషులు కాపురముంటున్నారు. ఒక పాత ఇంటి గడప కింద చెక్కడపు అంచు ఉన్న నల్లరాయి మెట్టుగా ఉంది. ఇంకో గోడ మూలలో, పూలతీగ చెక్కిన దిమ్మె అడ్డంగా పడుకుని బరువు మోస్తున్నది. చరిత్రకారులకు ఇది ధ్వంసంలా కనిపించవచ్చు. ఆ ఇల్లాలిని అడిగితే, "మా అత్తగారు కాపురానికొచ్చేనాటికే ఉన్నదంట సార్, ఎన్నడు కదల్లే" అని చెప్పి ఆ రాయి మీదే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంది.

రాత్రి బసలో చట్టాలను నెమరువేసుకున్నాను. వేయిస్తంభాల గుడి వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. రాష్ట్రానికి 2017లో చేసిన వారసత్వ చట్టం ఉంది. వారసత్వ నగరాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టి 2019లో ముగించిన హృదయ్ పథకానికి ఎంపికైన 12 నగరాల్లో వరంగల్లు ఒకటి. వీటిలో ఏదీ ములుగు అడవి అంచున ఉన్న మూడర్రల ఇంటి వైపు తిరిగి చూడదు. గుడికీ కోటకూ కాపలా ఉంటుంది. వాటిని కట్టిన నేర్పే ఊళ్ళలోకి దిగి సామాన్యుల గోడలుగా మిగిలితే, ఆ గోడకు యజమాని ఇష్టమే కాపలా.

మూడవ రోజు: పాలంపేట

ములుగు దారిలో వరిచేలు, ఆపైన అడవి. రామప్ప గుడి గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి నేను క్లుప్తంగా చెబుతాను. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ రుద్రేశ్వరాలయం 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మన దేశం నుంచి ఆ జాబితాకెక్కిన 39వ స్థలం. గోడలు ఎర్ర ఇసుకరాతివి, చెక్కడపు పని ఉన్న స్తంభాలు, మదనికలనే స్త్రీ శిల్పాలు గట్టి నల్లరాతివి, శిఖరం నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలది. ఏ రాయి ఎంత మోయగలదో, ఏది ఎంత సన్నని ఉలిపనికి ఓర్చుకుంటుందో తెలిసినవాళ్ళు మాత్రమే ఇలా మూడు రకాలుగా పని పంచగలరు. పునాదిలో ఇసుక నింపి, దాని మీద ఇంత బరువు నిలిపారు. ఇసుక కదలికను తనలోనే సర్దుకుంటుంది. మండపం నేల అక్కడక్కడా ఎగుడుదిగుడుగా మారినా గుడి నిలిచే ఉంది.

గుడి కన్నా ఎక్కువసేపు నేను ఆవరణలోని కామేశ్వరాలయం దగ్గర గడిపాను. విప్పి మళ్ళీ కట్టే పని చేపట్టిన ఆలయం అది. విప్పిన రాయిలో, గుడిలో మనకు ఎన్నడూ కనిపించని ముఖం బయటపడుతుంది: కింది రాతి గాడిలో కూర్చోవడానికి చేసిన బుడిపె, చెక్కే ముందు కొలతకు గీసిన గీత, నునుపు చేయకుండా వదిలేసిన వీపు. శిల్పి ఎక్కడ ఓపిక చూపాడో, ఎక్కడ ఎవరూ చూడరులే అని వదిలేశాడో రెండూ అక్కడ తెలుస్తాయి. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి పనివాడు నాకు అంత దగ్గరగా మరెక్కడా కనిపించలేదు.

చెరువు కట్ట మీద కాసేపు కూర్చుని, చీకటి పడకముందే ఊరు చేరాను.

నాల్గవ రోజు: ఇల్లు

నిద్ర లేవగానే మామ కాఫీ గ్లాసుతో పాటు బ్యాటరీ లైటు కూడా చేతికిచ్చాడు. పరీక్ష మొదలైందని అర్థమైంది.

దర్వాజ పైరాతి మీద ఫసలీ 1331 అని చెక్కి ఉంది. నైజాం రాజ్యంలో నడిచిన ఆ లెక్కకు 590 కలిపితే 1921వ సంవత్సరం వస్తుంది. అంటే ఇల్లు నూరేళ్ళు దాటింది. కానీ మా అమ్మమ్మ చెప్పేదాని ప్రకారం వెనుక అర్ర అంతకు ముందే ఉండేది, ముందు భాగం మాత్రమే ఆ ఏట కట్టారు. గోడలను చూస్తే ఆమె మాట నిజమేననిపించింది: వెనుక గోడ రాళ్ళు చేతికి దొరికినట్టు పేర్చినవి, మట్టి అడుసుతో కట్టినవి; ముందు గోడవి వరుసలు తీర్చి డంగు సున్నంతో కట్టినవి. ఒకే ఇంట్లో రెండు తరాల ఆర్థిక స్థితి పక్కపక్కనే ఉంది.

గోడ మందం కొలిస్తే 60 సెంటీమీటర్లు వచ్చింది. లోపలివైపు ఒక వరుస, బయటివైపు ఒక వరుస, మధ్యన చిన్న రాళ్ళూ అడుసూ. ఈ రెండు వరుసలూ కాలక్రమంలో ఒకదానికొకటి దూరం జరిగి, గోడ మధ్యలో పొట్ట వేయడం రాతి ఇళ్ళకు వచ్చే పెద్ద జబ్బు. అలా జరగకుండా అక్కడక్కడా గోడ మందమంతా పట్టే పొడవాటి రాయిని అడ్డంగా పెడతారు. తూర్పు గోడలో అలాంటి రాళ్ళు తక్కువ. అందుకే అది పొట్ట వేసింది. మామ పిలిపించిన వడ్డెర మేస్త్రి ఆ ఒక్క గోడనే విప్పి, రాళ్ళను నేల మీద వరుస తప్పకుండా పరిచి, పొడవాటి రాళ్ళు కొత్తగా తెప్పించి, మళ్ళీ కట్టాడు. హనుమకొండలో పురావస్తు శాఖ చేసినదీ పాత గోడను తీసి పాతదిగానే నిలబెట్టడమే. ఇక్కడ సంఖ్యలకు బదులు బొగ్గుతో గీతలు పెట్టుకున్నాడు, పద్దెనిమిదేళ్ళకు బదులు పదిహేను రోజులు పట్టింది.

ఆ మేస్త్రి మధ్యాహ్నం భోజనం వేళకు వచ్చాడు. కొత్త రాళ్ళ మూలల్లో చిన్నగా 2022 అని చెక్కి ఉండడం చూపించి, ఎందుకలా చేశావని అడిగాను.

"పాతది మా తాతలు పెట్టింది సారూ. నేను పెట్టింది నేను పెట్టినట్టు తెల్వాలె గద. రేపు గోడ ఒంగితే వాళ్ళ మీదికి పోవద్దు" అన్నాడు.

వెనిస్ పత్రం పేరు ఆయన విని ఉండడు. విననవసరమూ లేదు.

పడమటి గోడ దగ్గర మామ నన్ను కొంచెం ఇబ్బంది పెట్టాడు. ఆ గోడ అడుగున మూడడుగుల ఎత్తు వరకు రాళ్ళ ముఖాలు పొరలు పొరలుగా లేచిపోయి, వేలితో గీకితే ఎర్రటి ఇసుక రాలుతున్నది. 'ఇది ఎవరి పుణ్యమో యాదికున్నదా?' అని అడిగాడు. ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చెమ్మ ఎక్కుతున్నదని తాతయ్య చెబితే, బయటినుంచి గట్టిగా సిమెంటు పూత పూయించమని సలహా ఇచ్చింది నేనే. నేలలోని నీరు రాతి గోడలోకి ఎప్పుడూ ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూత ఉన్నంతకాలం అది గాలికి ఆరిపోతుంది. దారి మూసేసరికి నీరు గోడలోనే నిలిచి, తనతో తెచ్చిన ఉప్పును పూత వెనుక పేర్చింది. ఉప్పు గడ్డకట్టినప్పుడల్లా మెత్తని ఇసుకరాయి ఒక పొర విడిచింది. అంతకు ముందు అన్నేళ్ళూ ఎండకూ వానకూ చెక్కుచెదరని గోడ, నా సలహా తరువాత ముప్పై ఏళ్ళలో ఇలా అయింది. మామ ఆ సిమెంటంతా ఉలితో తీయించి సున్నం పూయించాడు గానీ, పోయిన రాయి రాదు. ఆ భాగాన్ని సరిచేయకుండా అలాగే వదిలేయడం మంచి నిర్ణయమని ఆయనకు చెప్పాను. నేను సిగ్గుపడడానికైనా అది ఉండాలి.

సున్నం గురించి మేస్త్రికి నేను చెప్పగలిగింది లెక్కలే. సున్నపురాయిని 900 డిగ్రీల దాకా కాలిస్తే 100 కిలోల రాయిలో 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోయి 56 కిలోల సున్నం మిగులుతుంది. దానికి నీళ్ళు పోసి, నానబెట్టి, ఇసుకతో నూరి గోడకు పెడితే, పోయిన వాయువునే గాలి నుంచి మెల్లగా తిరిగి పీల్చుకుంటూ మళ్ళీ రాయి అవుతుంది. ఆయన మాత్రం నేను చెప్పలేనిది చెప్పాడు: సున్నం ఎన్నాళ్ళు నానిందో కర్రతో కలిపినప్పుడు అది కర్రను వదిలే తీరులో తెలుస్తుందట, కరక్కాయ, బెల్లం నీళ్ళు ఎంత పోయాలో కాలాన్ని బట్టి మారుతుందట, వానాకాలం పూసిన పూత అలిగినట్టు ఉంటుందట. ఈ పని తెలిసినవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో తనతో కలిపి ఇద్దరే ఉన్నారనీ, మామ ఇంటి పనికి తన కొడుకును వెంట తెచ్చుకున్నాడనీ అన్నాడు. కొడుకు ఆ రెండేళ్ళలో డంగు తిప్పడం నేర్చుకున్నాడు; ఇప్పుడు ములుగులో ఒక పాత దర్గా మరమ్మతుకు తనే వెళ్తున్నాడు.

అన్నీ బాగున్నాయని చెప్పలేను. వీధివైపు గోడకు ఎవరో చెప్పిన మెరుపు పూత వేయించారు. ఫొటోల్లో బాగుంటుంది గానీ, అదీ సిమెంటులాగే రాతి ఊపిరి బిగించేదే, మొదటి పొర అరిగాక మళ్ళీ వేయవద్దని చెప్పాను. దీపపు గూళ్ళలో విద్యుత్ దీపాలు పెట్టడం నాకు నచ్చలేదు, అత్తయ్యకు మాత్రం చాలా నచ్చింది. స్నానాలగదిని పాత గోడకు ఆనించకుండా, మూరెడు సందు విడిచి వెనుక వేరుగా కట్టడం మాత్రం మెచ్చుకోదగ్గ పని. దాన్ని రేపు తీసేసినా ఇంటికి గీత పడదు.

సాయంత్రం చిన్నమామ కూడా వచ్చాడు. అరుగు మీద కాగితం పరిచారు. ఆ గడిలో ఏమి రాయాలని ఇద్దరూ నా ముఖం చూశారు. సున్నను కొట్టివేయవద్దనే చెప్పాను. అమ్మితే ఎంత వస్తుందన్న ప్రశ్నకు అది సరైన జవాబే, కొనేవాడు మొదట చేసే పని ఈ ఇంటిని పడగొట్టడమే కాబట్టి. దానికి బదులు వేరే తెల్లకాగితం తీసుకుని, ఏ గోడ ఏ కాలానిదో, ఏది మట్టితో కట్టిందో, ఏది సున్నంతో కట్టిందో, ఏ రాళ్ళు 2022లో పెట్టినవో, పడమటి గోడ ఎవరి సలహాతో చెడిందో, సున్నంలో ఏమేమి కలిపారో మేస్త్రి చెబుతుండగా రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. మామలిద్దరూ నేనూ కింద సంతకాలు చేశాము, మేస్త్రి వేలిముద్ర వేయబోయి ఆగి, తన పేరు కూడబలుక్కుంటూ రాశాడు.

ఇల్లు ఇద్దరిదీ ఉమ్మడిగానే ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు. చివరన ఒక షరతు చేర్చమని చిన్నమామే అడిగాడు: ఏటా వేసవి చివర, తొలకరికి ముందు, కప్పు మీద పెంకులు సర్దించి గోడలకు సున్నం వేయించాలి, ఒక ఏడు అన్న వంతు, ఒక ఏడు తమ్ముడి వంతు. ఈ ఏటి వంతు తనదేనని చెప్పి, మేస్త్రికి అక్కడికక్కడే బయానా ఇచ్చాడు.